ఎందుకు చేసిన అప్పు? – వడ్డీ, కుటుంబార్థం, ఆదాయపు పన్ను



శీర్షికలో ఆదాయపు పన్ను అన్న మాట చూసి ఇదేదో లెక్కల వ్యవహారమని పేజీ మూసివేయవద్దని మనవి. నేను తెలుగు పండితుణ్ణి. లెక్కలు నాకు చిన్ననాటి నుంచి పడవు. ఇది ఒక మాటకు సంబంధించిన కథ. ఆ మాట “స్వంతం”.

2009 వేసవిలో మా పెద్దమ్మాయి వివాహం చేశాను. చేతనున్నది చాలక ఒక బ్యాంకులో మూడు లక్షల రూపాయలు వ్యక్తిగత ఋణం తీసుకున్నాను. బ్యాంకువారి భాషలో పర్సనల్ లోను. వడ్డీ సంవత్సరానికి నూటికి 14. ఆ ఆర్థిక సంవత్సరంలో నేను కట్టిన వాయిదాలలో వడ్డీ భాగమే దాదాపు 36,000 రూపాయలు. ఉపాధ్యాయ మిత్రులకు తెలుసు, ఫిబ్రవరి నెల జీతం బిల్లుతో పాటు మనం ఆదాయపు పన్ను లెక్కల పత్రం సమర్పించాలి. నేను ఆ పత్రంలో ఈ వడ్డీని కూడా శ్రద్ధగా రాసి, బ్యాంకు ఇచ్చిన కాగితం జతపరచి మా పాఠశాల గుమాస్తాకు ఇచ్చాను. అతడు చూసి నవ్వాడు.

“మాస్టారండీ, ఇది చెల్లదండి.”

“ఏం బాబూ? బ్యాంకుకు కట్టిన వడ్డీయే కదా. మన లెక్కల మాస్టారి వడ్డీ రాశావు కదా?”

“వారిది ఇంటి లోనండి. మీది పర్సనలు.”

“కూతురి పెళ్ళి పర్సనల్ ఎలా అవుతుందయ్యా?”

“నాకేటి తెల్సండి? ఫారంలో గడి లేదండి.”

ఆ వడ్డీ చెల్లి ఉంటే నాకు మిగిలేది సుమారు 3,700 రూపాయలు. దానితో మేడలు కట్టేవాణ్ణి కాను. కాని ఆ గడి లేకపోవడం నన్ను చాలాకాలం వెంటాడింది. నాకోసం ఒక చొక్కా అయినా కుట్టించుకోని సంవత్సరంలో నేను చేసిన ఖర్చును ప్రభుత్వం నా “స్వంత ఖర్చు” అన్నది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. పదవీ విరమణ తరువాత తీరిక దొరికింది. తేలినదేమిటో మీ ముందు పెడుతున్నాను.

* * *

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. “వడ్డి” సంస్కృతపు “వృద్ధి”కి వికృతి. వృద్ధి ప్రాకృతంలో వడ్ఢి అయి, మన నాలుక మీద వడ్డి అయింది. పెరుగుదల అని అర్థం. సంస్కృతంలోనే దీనికి కుసీదమన్న మరొక పేరున్నది.

మన ధర్మశాస్త్రాలు వ్యవహారపదాలను, అంటే న్యాయస్థానానికి ఎక్కే తగాదాలను, పదునెనిమిదిగా విభజించాయి. వాటిలో మొదటిది ఋణాదానం. అప్పుల తగాదాతోనే లెక్క మొదలయిందన్నమాట. అప్పుకు నెలకు నూటికి ఒకటింపాతిక వడ్డీ తీసుకోవచ్చునని వసిష్ఠుని మాటగా మనుస్మృతి చెబుతుంది. సంవత్సరానికి నూటికి 15. నా బ్యాంకు 14 తీసుకున్నది కాబట్టి వసిష్ఠుని కంటె ఒక రూపాయి దయ చూపిందనే అనుకోవాలి. వడ్డీ ఒకేసారి వసూలు చేసినప్పుడు అసలుతో కలిపి మొత్తం అసలుకు రెట్టింపును మించరాదన్న నియమం కూడా అక్కడే ఉంది. దామదుపట్టు అన్న పేరుతో ఈ నియమం ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానాల దాకా కొన్ని ప్రాంతాలలో బ్రతికింది.

శాస్త్రాన్ని నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. అదే మనుస్మృతి బ్రాహ్మణుని వద్ద నెలకు నూటికి రెండు, క్షత్రియుని వద్ద మూడు, వైశ్యుని వద్ద నాలుగు, శూద్రుని వద్ద అయిదు తీసుకోవచ్చునన్నది. కింద ఉన్నవాడికే ఎక్కువ వడ్డీ. ఈ అన్యాయం చెప్పకుండా వసిష్ఠుణ్ణి మాత్రమే చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంకొక దారి పట్టింది. సాధారణమైన అప్పుకు నెలకు ఒకటింపాతిక, వ్యాపారానికి అయిదు, అడవులు దాటి వెళ్ళేవారికి పది, సముద్ర వ్యాపారానికి ఇరవై. అప్పు ఎవరు చేశారన్నదాని కంటె ఎందుకు చేశారు, ఎంత ప్రమాదముంది అన్నది అక్కడ ముఖ్యం.

ఈ “ఎందుకు” అన్న ప్రశ్నను చివరి దాకా తీసుకువెళ్ళినది యాజ్ఞవల్క్యస్మృతి, దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర. మన తెలుగువారికి ఇది కొత్త కాదు. తిక్కన కాలంలోనే మూలఘటిక కేతన దీనిని “విజ్ఞానేశ్వరీయము” పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. న్యాయశాస్త్రాన్ని దేశభాషలో పద్యకావ్యంగా చదువుకున్న జాతి మనది.

ఆ శాస్త్రం చెప్పేదేమిటి? తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి. కాని తండ్రి తాగుడుకు, జూదానికి, కామానికి చేసిన అప్పు కొడుకు తీర్చనక్కరలేదు. ఉత్తుత్తి దానాలకు మాట ఇచ్చినది, కట్టకుండా మిగిల్చిన జరిమానా కూడా తీర్చనక్కరలేదు. మరి ఏ అప్పు అందరినీ కట్టివేస్తుంది? కుటుంబార్థం చేసిన అప్పు. ఉమ్మడి కుటుంబంలో యజమాని కుటుంబ పోషణకు, ఆడపిల్ల వివాహానికి, రోగానికి, పితృకార్యానికి చేసిన ఋణం కుటుంబం అంతటిదీ అయింది. ఉమ్మడి ఆస్తి అమ్మి అయినా తీర్చవలసినదే. ఆంగ్లేయ న్యాయాధీశులు “కుటుంబ అవసరం” అని తీర్పుల మీద తీర్పులు రాసినది ఈ కుటుంబార్థాన్ని గురించే.

మా అమ్మాయి పెళ్ళి అప్పు శాస్త్రదృష్టిలో నా స్వంతం కాదు. అది కుటుంబార్థం. అప్పులలోకెల్ల గౌరవమైనది. ఇది గుర్తు పెట్టుకొని ముందుకు నడవండి.

* * *

ఇప్పుడు ఆదాయపు పన్ను దగ్గరకు వద్దాం. 1857 తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక నిపుణుణ్ణి లండను నుంచి పంపించారు. అతడు 1860లో ఆదాయపు పన్ను ప్రవేశపెట్టాడు. ఆ సంవత్సరం జులై 24న చట్టానికి ఆమోదం లభించింది. పన్ను వేసినవాడు ఆగస్టులోనే కలకత్తాలో జబ్బుచేసి మరణించాడు. పన్ను మాత్రం మిగిలింది. మధ్యలో కొన్నిసార్లు ఆగి మళ్ళీ లేచింది.

మన శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఈ పన్నును అందరికంటె గట్టిగా ఎదిరించినవాడు ఆశ్చర్యంగా మన మద్రాసు గవర్నరే. సర్ చార్లెస్ ట్రెవెల్యన్ తన అభ్యంతరాలను పత్రికలకు ఎక్కించాడు. ఆ నేరానికి 1860లోనే అతణ్ణి వెనక్కు పిలిపించారు.

1886లో వచ్చిన చట్టం వ్యవసాయాదాయాన్ని ఈ పన్ను నుంచి తప్పించింది. మన ప్రాంతంలో నాగలి పట్టినవాడూ, నాగలి పట్టినవాడి మీద బ్రతికిన జమీందారూ ఇద్దరూ ఆ మేరకు బయటపడ్డారు. ఆ మినహాయింపు నేటికీ ఉంది. అందుచేత చాలాకాలం పాటు మన ఊళ్ళలో ఆదాయపు పన్ను అంటే షావుకారు, వకీలు, సర్కారు ఉద్యోగి మాత్రమే ఎరిగిన వస్తువు.

1922 చట్టంతో అసలు సూత్రం స్పష్టమయింది. పన్ను రాబడి మొత్తం మీద కాదు. రాబడి తెచ్చుకోవడానికి అయిన ఖర్చు తీసివేయగా మిగిలినదాని మీద. వ్యాపారానికి అప్పు తెస్తే ఆ వడ్డీ ఖర్చే, కాబట్టి తీసివేయవచ్చు. ఆస్తి కొనడానికి అప్పు తెస్తే ఆ ఆస్తి మీద వచ్చే రాబడి నుంచి వడ్డీ తీసివేయవచ్చు. 1961లో వచ్చి 1962 ఏప్రిల్ 1 నుంచి అమలయిన చట్టం ఇదే దారిలో నడిచింది. అందులో 36వ సెక్షన్ వ్యాపారపు అప్పు మీది వడ్డీకి చోటిచ్చింది. 37వ సెక్షన్ తక్కిన వ్యాపార ఖర్చులను ఒప్పుకుంటూనే ఒక గీత గీసింది: అవి పన్ను కట్టేవాని స్వంత ఖర్చులు కాకూడదు.

నేను వెతుకుతున్న మాట అక్కడ దొరికింది. సంపాదన కోసం చేసినది ఖర్చు. బ్రతకడం కోసం చేసినది స్వంతం. శాస్త్రమూ “ఎందుకు చేశావు ఈ అప్పు?” అనే అడిగింది, పన్ను చట్టమూ అదే అడిగింది. శాస్త్రం “కుటుంబం కోసం” అన్నవాణ్ణి లోపలికి పిలిచింది. చట్టం “లాభం కోసం” అన్నవాణ్ణి పిలిచింది, కుటుంబం కోసం అన్నవాణ్ణి గుమ్మంలో నిలబెట్టింది.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే. చట్టానికి అప్పు పేరుతో పని లేదు. బ్యాంకు దానిని పర్సనల్ లోను అన్నా, ఆ సొమ్ముతో మీరు కిరాణా కొట్టు పెట్టి ఆ సంగతి రుజువు చేయగలిగితే వడ్డీ వ్యాపార ఖర్చే. ఆ సొమ్ముతో అద్దెకిచ్చే ఇల్లు కొంటే అద్దె రాబడిలోంచి వడ్డీ తీయవచ్చు. ఇంటి అప్పు బ్యాంకులోనే చేయాలన్న నియమం కూడా లేదు. బావమరిది దగ్గర తెచ్చి ఇల్లు కట్టినా, వడ్డీ కట్టినట్టు కాగితం ఉంటే పాత పద్ధతిలో చెల్లుతుంది. కాగితం మీద పేరు కాదు, సొమ్ము నడిచిన దారి ముఖ్యం.

దారి మంచిదయినంత మాత్రాన చాలదు. 1979లో సుప్రీం కోర్టు మాధవప్రసాద్ జటియా కేసులో ఈ సంగతి తేల్చింది. ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఒక వ్యాపార కుటుంబపు ఇల్లాలు భర్త స్మృత్యర్థం ఖుర్జాలో ఇంజనీరింగు కళాశాలకు విరాళమిచ్చింది. అందుకు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు వాడింది. ఆ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపితే న్యాయస్థానం ఒప్పుకోలేదు. పుణ్యం పుణ్యమే, కాని వ్యాపారం కాదు అన్నది దాని సారాంశం.

* * *

ఈ ప్రశ్నకు మన విజయనగరం రాజావారు కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అది వడ్డీ కేసు కాదు, ఖర్చు కేసు. అయినా గీత అదే.

కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ సలహా మీద 1957లో అప్పటి ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఖర్చు పన్ను తెచ్చారు. సంపాదించినదాని మీద కాదు, సంపన్నులు ఖర్చు పెట్టినదాని మీద పన్ను. 1962లో తీసివేశారు, 1964లో మళ్ళీ తెచ్చారు, 1966లో పూర్తిగా వదిలేశారు. ఆ చట్టంలోనూ ఒక కిటికీ ఉంది. వ్యాపారం, వృత్తి, వ్యాపకం నిమిత్తం చేసిన ఖర్చుకు పన్ను లేదు.

పూసపాటి విజయరామ గజపతిరాజుగారు, మనందరికీ తెలిసిన పి.వి.జి. రాజుగారు, అప్పట్లో సోషలిస్టు పార్టీ నాయకుడు. పార్టీ తరఫున నిలబడిన అభ్యర్థుల కోసం సొమ్ము ఖర్చు పెట్టారు. పన్ను శాఖ దానిని వారి ఖర్చు కిందనే లెక్క కట్టింది. వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1975లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు రాజావారి పక్షాన వచ్చింది. రాజకీయం కూడా ఒక వృత్తి, ఒక వ్యాపకం కాగలదని న్యాయస్థానం అంగీకరించింది.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు సంతోషమూ కలిగింది, చిన్న అసూయా కలిగింది. రాజకీయం వృత్తి కాగలిగినప్పుడు తండ్రిగా ఉండడం కనీసం వ్యాపకమయినా కాదా అని. న్యాయవాది అయిన మిత్రుడొకరితో అంటే, “మాస్టారూ, దాని మీద మీకేమయినా రాబడి ఉన్నదా?” అన్నాడు. నోరు మూసుకున్నాను.

* * *

పన్ను చట్టం సంగతి అలా ఉంచి, వడ్డీ విషయంలో మన ప్రాంతానికి ప్రభుత్వం వేరే విధంగా మేలు చేసిన రోజులున్నాయి. అక్కడ అడిగిన ప్రశ్న “ఎందుకు” కాదు, “నువ్వెవరు” అని.

మొదటిది 1917లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం. గంజాం, విశాఖపట్నం, గోదావరి మన్యాలకు వర్తించింది. నేటి పార్వతీపురం, సీతంపేట కొండల వైపు మైదానపు షావుకార్లు ఉప్పుకు, బట్టకు, విత్తనానికి అప్పిచ్చి పంటను, చివరికి భూమిని పట్టుకుపోయేవారు. ఈ చట్టం ప్రకారం గిరిజనుడు కానివాడు గిరిజనుని దగ్గర సంవత్సరానికి నూటికి 24 మించి వడ్డీ తీసుకోరాదు, చక్రవడ్డీ కట్టరాదు. కాగితం మీద మంచి చట్టం. కొండ మీదికి ఎంతవరకు ఎక్కిందో తరువాతి చరిత్ర చెబుతుంది. యాభై ఏళ్ళ తరువాత శ్రీకాకుళం గిరిజన పోరాటానికి ఉన్న కారణాలలో ఈ షావుకారు అప్పు, దాని వెంట పోయిన భూమి ముఖ్యమైనవి. 1960, 1970లలో ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం మీద, గిరిజనుల ఋణవిమోచనం మీద మళ్ళీ నిబంధనలు చేయవలసి వచ్చిందంటేనే మొదటిది చాలలేదని తెలుస్తుంది.

రెండవది రాజాజీ ప్రధానిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం 1938లో చేసిన రైతు ఋణ విమోచన చట్టం. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, అప్పు మాత్రం పడిపోక, రైతు నలిగిపోయిన కాలం. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పు అయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే అప్పే రద్దు. పాత దామదుపట్టు నియమం కొత్త చట్టంలో తల ఎత్తింది చూడండి. ఆ తరువాత నడిచే వడ్డీకి సంవత్సరానికి నూటికి 6¼ పరిమితి.

ఆ చట్టం అప్పు ఎందుకు చేశావని రైతును అడగలేదు. ఎద్దులకా, పెళ్ళికా, తద్దినానికా అని విచారించలేదు. రైతువా కాదా అన్నదొక్కటే అడిగింది. కాని ఒక మెలిక పెట్టింది. అంతకు ముందు రెండు ఆర్థిక సంవత్సరాలలో ఆదాయపు పన్ను కట్టినవాడు ఈ చట్టం కింద రైతు కాడు. పన్ను కట్టేవాడికి వడ్డీలో ఉపశమనం లేదన్న మాట మన దగ్గర అప్పుడే పడింది.

మా తాతగారికి నాగావళి ఒడ్డున నాలుగు ఎకరాల పల్లం ఉండేది. చెల్లెలి పెళ్ళికి ఊరి షావుకారు దగ్గర నోటు రాశారు. మా నాన్నగారు చెప్పేవారు: చట్టం వచ్చాక వడ్డీ పోయింది, అసలు తీర్చితే చాలు. తాతగారు అసలు తీర్చారు. ఆ తరువాతి సంక్రాంతికి ఒక బస్తా ధాన్యం బండి మీద వేయించి షావుకారింటికి పంపారట. “చట్టం నా వడ్డీ తీసేసింది గాని, అవసరానికి ఆదుకున్న మాట తీసెయ్యలేదు” అన్నారట. షావుకారు దానిని పుచ్చుకున్నాడు. మా నాన్నగారు ఆ బస్తా గురించి చెప్పిన ప్రతిసారీ మా నాయనమ్మ “ఆ బస్తా ఉంటే పిల్లలు రెండు నెలలు తినేవారు” అనేది. ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది నాకు.

* * *

మళ్ళీ ఆదాయపు పన్నుకు వద్దాం. చట్టం గీసిన గీత అంత గట్టిదే అయితే మా లెక్కల మాస్టారి ఇంటి వడ్డీ ఎలా చెల్లింది? ఆయనేమీ ఇల్లు అద్దెకివ్వలేదు. అందులోనే కాపురమున్నాడు.

దీని వెనుక ఒక తమాషా ఉంది. పూర్వం మనం కాపురమున్న ఇంటికి కూడా ఒక ఊహా అద్దె లెక్కగట్టి, దానిని మన ఆదాయంలో కలిపేవారు. నీ ఇంటికి నువ్వే అద్దె కట్టుకున్నట్టు. ఆదాయం ఉంది కాబట్టి దానికై చేసిన అప్పు వడ్డీ ఖర్చయింది. అది దయ కాదు, తర్కం. 1986 ఆర్థిక చట్టం ఆ ఊహా అద్దెను సున్న చేసింది. తర్కం ప్రకారం వడ్డీ మినహాయింపు కూడా పోవాలి. పోలేదు. 5,000 రూపాయల దాకా ఉంచారు. తర్కంగా పుట్టినది దయగా మిగిలింది. ఆ దయ తరువాత పెరుగుతూ 30,000 అయింది, లక్షన్నర అయింది, 2014లో రెండు లక్షలయింది. ఇల్లు కట్టడాన్ని ప్రోత్సహించాలన్నది ఇప్పుడు చెప్పే కారణం.

ఒకసారి గీత దాటితే రెండవసారి తేలిక. ఉన్నత విద్యకు తీసుకున్న అప్పు మీది వడ్డీ మొత్తాన్ని, పరిమితి లేకుండా, ఎనిమిది సంవత్సరాల పాటు తీసివేయవచ్చునని 2005లో 80ఇ సెక్షన్‌ను మార్చారు. మొదట తన చదువుకే, 2007 ఆర్థిక చట్టంతో భార్య లేక భర్త, పిల్లల చదువుకు కూడా. ఇక్కడ మాత్రం అప్పు బ్యాంకుదో, గుర్తింపు ఉన్న సంస్థదో అయి ఉండాలి. బావమరిది పనికిరాడు. ఆ తరువాత 2019లో విద్యుత్ వాహనం కొనడానికి చేసిన అప్పు వడ్డీకి కూడా లక్షన్నర దాకా మినహాయింపు ఇచ్చారు. 2023 మార్చి లోపల మంజూరయిన అప్పులకే అది పరిమితం.

పిల్లవాడి చదువు సంపాదనా? కాదు, నూటికి నూరు పాళ్ళూ కుటుంబార్థం. చట్టం తెలిసో తెలియకో విజ్ఞానేశ్వరుని గుమ్మం దాకా వచ్చింది. చదువుకు తలుపు తీసింది. రోగానికి తీయలేదు. ఆరోగ్య బీమా కిస్తుకు మినహాయింపు ఉంది గాని, బీమా చాలక ఆపరేషనుకు చేసిన అప్పు వడ్డీకి లేదు. పెళ్ళికి సరే సరి.

గడి ఉన్న అప్పు, గడి లేని అప్పు అని రెండు జాతులయ్యాక మనుషులు ఏం చేస్తారో ఊహించవచ్చు. నా లెక్కల పత్రం వెనక్కు ఇస్తూ గుమాస్తా మెల్లగా, “ఇంటి రిపేరు అని రాసి బిల్లులు తెండి మాస్టారండీ, 30 వేల దాకా ఎల్లిపోద్ది” అన్నాడు. అతడిది దురుద్దేశం కాదు, జాలి. నేను రాయలేదు. ధైర్యం లేక అనండి, పంతులు బుద్ధి అనండి. ఊళ్ళలో మరొకటి చూస్తాం. పంట అప్పుకు ప్రభుత్వ రాయితీతో 2006–07 నుంచి వడ్డీ నూటికి 7. అందువల్ల ఆడపిల్ల పెళ్ళికి బంగారం కుదువబెట్టేవాడు కూడా పాసు పుస్తకం పట్టుకెళ్ళి “వరి” అని రాయిస్తాడు. వరి పేరున జరిగిన పెళ్ళిళ్ళెన్నో నేను భోజనం చేశాను. కుటుంబార్థమన్న మాటకు గడి లేనప్పుడు కుటుంబం మారుపేరు పెట్టుకొని వస్తుంది.

మనవారు చాలామంది ఉన్న అమెరికాలో ఈ కథ ఇంకో విధంగా నడిచింది. అక్కడ 1913 నాటి నుంచి స్వంత అప్పుల వడ్డీని కూడా ఆదాయంలోంచి తీసివేయనిచ్చారు. కారు, క్రెడిట్ కార్డు ఏదైనా సరే. 1986 పన్ను సంస్కరణ చట్టం దానిని క్రమంగా తగ్గించి 1991 నాటికి పూర్తిగా ఎత్తివేసింది. ఇంటి అప్పుకు మాత్రం ఉంచింది. దానితో అక్కడివారు ఇల్లు తాకట్టు పెట్టి ఆ సొమ్ముతో కార్లు కొనడం మొదలుపెట్టారు. మన వరి, వారి ఇల్లు. 2025లో మళ్ళీ అక్కడే తయారయిన కొత్త కార్ల అప్పు వడ్డీకి కొన్ని షరతులతో 2028 వరకు మినహాయింపు తెచ్చారు. ఏ దేశమయినా తాను పెంచదలచిన వస్తువు పేరు చూసే వడ్డీకి దయ చూపుతుంది.

* * *

మరి నా అప్పుకు కూడా మినహాయింపు ఇవ్వవలసిందేనా? మొదట్లో ఇవ్వాలనే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

స్వంత అప్పు వడ్డీ అంతా తీసివేయనిస్తే ఎక్కువ లాభం ఎవరికి? నూటికి 30 పన్ను కట్టేవాడు అప్పు చేసి విహారయాత్రకు వెళితే వడ్డీలో దాదాపు మూడోవంతు ఖజానా భరిస్తుంది. నూటికి పది కట్టే నాబోటివాడికి పదోవంతు. మా వీధిలో, శ్రీకాకుళం నుంచి చెన్నై, హైదరాబాదులకు తాపీ పనికి వలస వెళ్ళే కుటుంబాలు ప్రయాణానికి ముందు నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే సంవత్సరానికి నూటికి 36కి, చేబదులు తీసుకుంటారు. వారు ఆదాయపు పన్ను పరిధిలోనే లేరు. ఏ సెక్షన్ కింద మినహాయింపు ఇచ్చినా వారికి పైసా రాదు. వారికి కావలసినది గడి కాదు, 1917లోనూ 1938లోనూ చేసినట్టు వడ్డీకి ఒక హద్దు. నా 3,700 రూపాయల బాధను వారి ముందు పెట్టి చూసుకుంటే సిగ్గు వేస్తుంది.

పైగా ఇప్పుడు ఆ గడులే మాయమవుతున్నాయి. 2020లో ఐచ్ఛికంగా మొదలయి, 2023–24 నుంచి అడగకపోయినా వర్తించే కొత్త పన్ను పద్ధతిలో రేట్లు తక్కువ, మినహాయింపులు అరుదు. అందులో కాపురమున్న ఇంటి అప్పు వడ్డీకి చోటు లేదు, పిల్లల చదువు అప్పుకూ చోటు లేదు. ఎందుకు చేశావని అడగదు, ఎందుకయినా ఇవ్వదు. పాత పద్ధతి కోరుకున్నవారికే ఆ గడులు. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో చేసిన కొత్త చట్టం కూడా ఈ రెండు దారులనూ అలాగే ఉంచింది.

శాస్త్రం వైపు కూడా తలుపు మూసుకున్నది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలయిన హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తరువాత చేసిన తండ్రి అప్పును కేవలం పుత్రధర్మం పేరుతో కొడుకు మీద వేయడానికి వీలులేదన్నది. కూతురికి సమాన భాగమిచ్చినది కూడా ఆ సవరణే. రెండూ మంచివే. ఏ కూతురి పెళ్ళికని తండ్రులు కుటుంబార్థం అప్పు చేశారో, ఆ కూతురు ఇప్పుడు ఆ కుటుంబంలో భాగస్థురాలు.

ఇక నాకు మిగిలిన అభ్యంతరం సొమ్ము గురించి కాదు, మాట గురించే. చట్టం నా వడ్డీకి మినహాయింపు ఇవ్వకపోవచ్చు. దానికి కారణాలున్నాయి, ఒప్పుకున్నాను. కాని ఆ ఖర్చును “స్వంతం” అనడం భాష తెలిసినవాడిగా ఒప్పుకోలేను. తండ్రి ఆపరేషను, చెల్లెలి పెళ్ళి, కూతురి కాన్పు – వీటిలో “స్వ” ఎక్కడుంది? కేతన ఈ అప్పుకు తెలుగులో చోటిచ్చి ఏడు వందల ఏళ్ళు దాటింది.

2014లో చివరి వాయిదా కట్టిన రోజున బ్యాంకువారు అప్పు తీరిందని ఒక కాగితం ఇచ్చారు. అందులో “ఋణ ప్రయోజనం” అన్న చోట “వ్యక్తిగతం” అని అచ్చు వేసి ఉంది. ఇంటికి వచ్చి కలం తీసి ఆ మాట కొట్టివేసి, పక్కన “కుటుంబార్థం” అని రాసి బీరువాలో పెట్టాను. నలభై ఏళ్ళుగా పిల్లల కాగితాలు దిద్దిన చెయ్యి, ఊరుకోదు కదా.

మీ ఇళ్ళలో 1938 నాటి అప్పుల కథలు, నోటు కాగితాలు, పెద్దలు చెప్పిన సంగతులు ఉంటే వ్యాఖ్యలలో రాయగలరు. నా లెక్కలో తప్పులుంటే దిద్దగలరు.

స్వస్తి.